తాత స్కజీ, మనవడు యూఎస్‌బీ

విజయవాడలో చాలాకాలం ప్రెస్సు నడిపిన మిత్రుడొకడు నిరుడు ఇల్లు మారుతూ అటక దించాడు. పాత ప్రూఫుల కట్టల కింద నుంచి రెండు పెట్టెలు బయటపడ్డాయి. ఒకటి చెప్పుల డబ్బా అంత ఉంది. తెలుపు మాసి పసుపుపచ్చ తిరిగిన ప్లాస్టిక్, లోపల ఇనుప చట్రం, వెనక రెండు వెడల్పాటి సాకెట్లు, వాటి పక్కన ఒక్క అంకె మాత్రం కనబడే బుల్లి కిటికీ. రెండోది చొక్కా జేబులో పట్టేంత నల్ల పెట్టె, దానికి ఉన్నదల్లా ఒక సన్నటి సాకెట్. మొదటిది 1990ల నాటి స్కజీ హార్డ్ డిస్క్, రెండోది 2000ల నడుమ కొన్న యూఎస్‌బీ హార్డ్ డిస్క్. “రెంట్లోనూ మనం వేసిన పుస్తకాలున్నాయి. నువ్వు ఇట్లాంటివాటితో కుస్తీ పడుతుంటావుగా, ఓసారి చూడవోయ్” అని నా ముందు పెట్టాడు. వాళ్లబ్బాయి పెద్ద పెట్టె కేబుల్‌ను అటూ ఇటూ తిప్పి, “బాబాయ్, ఇది ప్రింటర్ వైరు కదూ?” అన్నాడు. కుర్రవాడి తప్పేం లేదు. పాత ప్రింటర్ వైరుకు 36 పిన్నులు, దీనికి 50. మూతి కట్టు మాత్రం ఒకే అచ్చు.

యూఎస్‌బీ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. పెళ్లి ఫొటోలు, కొత్త సినిమాలు, ఆఫీసు ఫైళ్లు ఇరవై ఏళ్లుగా ఆ సందులోంచే నడుస్తున్నాయి. స్కజీనే కాస్త పరిచయం చేయాలి. అలాన్ షుగార్ట్ స్థాపించిన షుగార్ట్ అసోసియేట్స్ అనే డిస్క్‌ల కంపెనీలో సాసీ అని ఒక పద్ధతి పుట్టింది. అది పెరిగి పెద్దదై, 1986లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ముద్రతో ‘స్మాల్ కంప్యూటర్ సిస్టమ్ ఇంటర్‌ఫేస్’ అయింది. ఆ ఏడాదే వచ్చిన మెకింతోష్ ప్లస్ వీపున స్కజీ సాకెట్ ఉంది. పొడి అక్షరాలన్నీ కలిపి స్కజీ అన్నారు. ఇంగ్లీషులో ఆ పలుకుకు మురికి, రోత అని అర్థం. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటారే, ఇక్కడ అది తిరగబడింది. పేరు రోతే గాని, ఆచారం తప్పని ఇల్లు.

ఆ ఇల్లు ఒక పంచాయితీలా నడుస్తుంది. మొదటి తరం స్కజీలో డేటా తీగలు 8, కనక సభ్యులూ 8 మందే. ఒక్కొక్కరికి 0 నుంచి 7 దాకా ఒక అంకె, ఆ అంకెకు ఒక తీగ. మాట్లాడదలచినవాడు తన తీగ పట్టుకుంటాడు. ఒకేసారి ఇద్దరు పట్టుకుంటే పెద్ద అంకెదే మాట. కంప్యూటర్‌కు మామూలుగా 7 ఇస్తారు. అది పెద్దే, కాని దొర కాదు. దూరాన ఉన్న బ్లాకు అడిగితే డిస్క్ ‘వెతికి పెడతాను, ఈలోగా మీ పని కానివ్వండి’ అన్నట్టు తప్పుకుంటుంది. దొరికాక మళ్లీ తనే సభకు వచ్చి పిలుస్తుంది. ఒకదానికొకటి కేబుళ్లతో తగిలించిన ఈ గొలుసులో రెండు కంప్యూటర్లు కూర్చున్నా నియమాలు అడ్డు చెప్పవు.

యూఎస్‌బీ అలా కాదు, అది ఏకోపాధ్యాయ పాఠశాల. 127 మంది పిల్లలను చేర్చుకోవచ్చు. అయితే అయ్యవారు పేరు పిలవనిదే ఒక్కడూ నోరు విప్పడు. మౌస్ కదిలినా సరే, ‘నువ్వేమైనా కదిలావా’ అని కంప్యూటర్ అడిగినప్పుడే ఆ సంగతి చెబుతుంది. 1996లో ఈ బడి తెరిచినప్పుడు కీబోర్డులు, మౌస్‌లే దానికి తగిన పిల్లలు. డిస్క్‌లను అక్కడ చదివించాలన్న ఆలోచన ఆ తరవాతిది. స్కజీ డిస్క్ కోసమే పుట్టింది, యూఎస్‌బీ దగ్గరికి డిస్క్ తరవాత వచ్చి చేరింది. ఈ రెంటి స్వభావాల్లో కనబడే తేడాలు చాలావరకు ఇక్కడివే.

వాడేవాడి నుంచి కోరేదాంట్లోనూ ఇద్దరివీ రెండు దారులు. స్కజీ ముందే అన్నీ అడుగుతుంది. నీ అంకె ఎంత, అది ఇంకెవరికీ లేదు కదా, గొలుసు రెండు కొసలా టెర్మినేటర్ ఉందా, మొత్తం కేబుల్ 6 మీటర్లు దాటలేదు కదా, పెట్టెలన్నీ ముందు వెలిగించి కంప్యూటర్‌ను ఆఖరున వేశావా? పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు ఒకటీ వదలదు. టెర్మినేటర్ అంటే గొలుసు చివరి సాకెట్‌కు బిగించే చిన్న బిరడా. మామూలు రకంలో కొన్ని రెసిస్టర్లు తప్ప మరేమీ ఉండవు. కొస దాకా వెళ్లిన సంకేతం గోడకు కొట్టిన బంతిలా వెనక్కి రాకుండా మింగేయడమే దాని పని. యూఎస్‌బీ మాత్రం ఏమీ అడగదు. నడుస్తున్న కంప్యూటర్‌కు గుచ్చితే చాలు, నంబర్ అదే ఇస్తుంది, కరెంటూ అదే పెడుతుంది. 1998లో మొదటి ఐమ్యాక్ స్కజీని వదిలేసి యూఎస్‌బీతో వచ్చినప్పుడు, స్కజీ గొలుసులతో విసిగిపోయిన డీటీపీ వాళ్లు కూడా లోలోపల సంతోషించే ఉంటారు. కొత్త కేబుళ్లు కొనాల్సి వచ్చిందని పైకి మాత్రం తిట్టుకున్నారు.

ఇంతవరకు చదివితే వీళ్లిద్దరికీ చుట్టరికమే లేదనిపిస్తుంది. ఉంది, చాలా దగ్గరిది. లైనక్స్ ఉన్న కంప్యూటర్‌కు ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి, కెర్నల్ రాసుకునే దినచర్య తెరిచి చూడండి. ఇవాళ్టి పెన్‌డ్రైవ్ గురించి అది రాసుకునే చివరి మాట ‘అటాచ్డ్ స్కజీ రిమూవబుల్ డిస్క్’. పొరపాటున పడ్డ మాట కాదది. మామూలు యూఎస్‌బీ డిస్క్‌కు కంప్యూటర్ పంపే ప్రతి ఆజ్ఞా 31 బైట్ల కవరులో వెళుతుంది. కవరు మీద ‘యూఎస్‌బీసీ’ అని నాలుగు ఇంగ్లీషు అక్షరాల ముద్ర. చించి చూస్తే లోపల ఉన్న ఉత్తరం స్కజీది. ‘నువ్వెవరు’ అనే ప్రశ్నకు పెన్‌డ్రైవ్ చెప్పే జవాబులో కంపెనీ పేరుకు 8 అక్షరాలు, సరుకు పేరుకు 16 అక్షరాలే చోటు. ఆ గళ్లు గీసింది స్కజీ. ‘ఫలానా బ్లాకు నుంచి ఇన్ని బ్లాకులు చదివి పెట్టు’ అనడానికి స్కజీ వాడిన హెక్సా సంఖ్య 28. నిన్న కొన్న పెన్‌డ్రైవ్‌కూ అదే 28 అర్థమవుతుంది. ఫైర్‌వైర్ అని మధ్యలో ఒకడు వచ్చి వెళ్లాడు. అతని కవరులోనూ ఇదే ఉత్తరం.

ఛందస్సు మారినా భాష మారలేదన్నమాట. తాత మనవళ్లు ఒకే భాష మాట్లాడతారు. అయినా ఒకరి మాట ఒకరి చెవిన పడే దారి లేదు, ఎందుకంటే ఒకరి నోరు 50 పిన్నులది, మరొకరిది నాలుగు తీగలది. మనవడి తీరు చూస్తే ఇంకో తమాషా కూడా ఉంది. మొదటి యూఎస్‌బీ డిస్క్‌లు ఒక ఆజ్ఞ పూర్తయ్యాకే రెండోది తీసుకునేవి. స్కజీ డిస్క్‌లు అంతకుముందే అనేక ఆజ్ఞలను వరసలో పెట్టుకుని, తమకు వీలైన క్రమంలో తీర్చేవి. 2008లో యూఎస్‌బీ మూడో రూపం వచ్చాక ఆ విద్యను కొత్తగా కనిపెట్టినట్టు తెచ్చి, ‘యూఎస్‌బీ అటాచ్డ్ స్కజీ’ అని పేరు పెట్టారు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

సరే, పని సంగతికి వద్దాం. పెద్ద పెట్టెకు ముందు ఒక నోరు సంపాదించాలి. స్కజీని నేరుగా యూఎస్‌బీకి మార్చే అడాప్టర్లు ఒకప్పుడు అమ్మేవారు. ఇప్పుడు అవి దొరకడం కష్టం, దొరికినా చాలావాటి డ్రైవర్లు 32-బిట్ విండోస్ కాలం దాటి రాలేదు. అందుకని సికిందరాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తెలిసిన కొట్టతని పుణ్యమా అని ఒక అడాప్టెక్ 2940 కార్డు పట్టాను. అది పీసీఐ కార్డు, ఇవాళ్టి మదర్‌బోర్డుల మీద ఆ స్లాటు దాదాపుగా కనబడదు. నా దగ్గర ఇంకా పడి ఉన్న పెంటియమ్ 4 కంప్యూటర్‌కు దుమ్ము దులిపి కార్డును దాంట్లో బిగించాను. విశేషమేమంటే కార్డును నడిపే డ్రైవర్ ఇప్పటి లైనక్స్ కెర్నల్‌లోనూ ఉంది. అమ్మకాలు ఆగిపోయిన వస్తువును గుర్తుపెట్టుకోవడంలో లైనక్స్‌కు పల్లెటూరి కరణం పోలిక ఉంది.

పెట్టె వెలిగించాను. ఫ్యాన్ గరగరలాడింది, ఆ వెనకే డిస్క్ ఈల వేస్తున్నట్టు సన్నగా మొదలై, పై స్థాయికి వెళ్లి అక్కడ నిలబడింది. ఆ శబ్దం విన్నాక సగం భయం పోయింది. ఆ కాలపు డిస్క్‌లు కొన్నింట్లో లోపలి రబ్బరు ముక్క జిగురుగా మారి హెడ్డును పట్టేస్తుంది, అప్పుడు చప్పుడు వేరేగా ఉంటుంది. కంప్యూటర్‌ను కూడా వేశాను. కార్డు తన గొలుసులో ఎవరెవరున్నారో లెక్కపెట్టి తెర మీద చూపింది. ఉన్నది ఒక్క డిస్క్. తెర మీద మాత్రం 0 నుంచి 6 దాకా ఏడు చోట్లా అదే పేరు, అదే డిస్క్. రామాయణంలో మాయా రూపాల్లా ఏడుగురు. కాసేపు బుర్ర గోక్కుని, పెట్టెను వెనక్కి తిప్పి బుల్లి కిటికీలోకి చూశాను. అంకె 7. దుమ్ము తుడుస్తున్నప్పుడు నా బొటనవేలే ఆ మీటను నొక్కి ఉంటుంది. డిస్క్‌కూ కార్డుకూ ఒకే అంకె పడింది, దాంతో కార్డు ఎవరిని పిలిచినా ఇదే పలికింది. మీటను 3 మీదికి జరిపి, అన్నీ ఆపి మళ్లీ వేస్తే ఏడుగురూ పోయి ఒక్కడు మిగిలాడు. 540 మెగాబైట్ల డిస్క్ మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా దించాను. పక్కన పెట్టిన టీ చల్లారకముందే అయిపోయింది.

చిన్న పెట్టెకు నోరు వెతకనక్కర్లేదు. దాని సాకెట్‌కు సరిపోయే కేబుల్ ఇంట్లో సొరుగు లాగితే మూడు దొరికాయి. గుచ్చాను, దీపం వెలిగింది. లోపల టిక్, కాసేపాగి మళ్లీ టిక్. కంప్యూటర్ తెర మీద అక్షరం లేదు. ఏడుగురు మాయావులైనా లేరు, కనీసం ఒక తప్పు సందేశమైనా లేదు. ఇంకో కేబుల్, ఇంకో సాకెట్, ఇంకో కంప్యూటర్ అయ్యాయి, ఎక్కడా అదే టిక్కు. చివరికి తట్టింది: యూఎస్‌బీ రెండో రూపం ఒక్కో సాకెట్‌కు ఇవ్వాల్సిన కరెంటు 500 మిల్లీఆంపియర్లు. డిస్క్ నిద్రలేచి తిరగడం మొదలుపెట్టే క్షణంలో అది చాలకపోవచ్చు. ఇలాంటివాటి కోసమే ఒకప్పుడు రెండు తలల కేబుళ్లు ఇచ్చేవారు, ఒక తల డేటాకూ కరెంటుకూ, రెండోది ఒట్టి కరెంటుకూ. అది తెచ్చి రెండు తలలూ గుచ్చితే డిస్క్ లేచింది. లేచింది గాని ఆరోగ్యం లేదు, అక్కడక్కడా చదవలేని బ్లాకులు. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ముందు బాగున్న చోట్లన్నీ చదువుకుని, చెడ్డ చోట్లను ఒక పటంలో గుర్తు పెట్టుకుని, తరవాత ఓపికగా వాటి చుట్టూ తిరుగుతుంది. 80 గిగాబైట్లకు రెండు రాత్రులు పట్టింది. పాతది గట్టిది, కొత్తది పెళుసు అని దీన్నిబట్టి నేను తీర్పు చెప్పను. రెండు పెట్టెలు చూసి తీర్పు చెబితే అది విమర్శ కాదు, బజారు కబురు.

చెప్పదగ్గ తేడా ఇంకొకటి ఉంది. స్కజీ తప్పులు కంటికి, చేతికి దొరుకుతాయి. అంకె కిటికీలో ఉంటుంది, బిరడా కొసన ఉంటుంది, కేబుల్ పొడవు టేపుతో కొలవొచ్చు. దాన్ని తిట్టుకున్నవాళ్లందరూ దాని నియమాలు నేర్చుకున్నవాళ్లే, నేర్చుకున్నాక అది వాళ్లను మోసం చేయలేదు. యూఎస్‌బీ పెట్టె మర్యాదస్తుడిలా అన్నీ లోపల దాచుకుంటుంది. అందులో అసలు డిస్క్ భాషను యూఎస్‌బీ కవరులో పెట్టే చిన్న చిప్ ఒకటి ఉంటుంది, దుబాసీ లాంటిది. అది చచ్చిపోతే డిస్క్ నిక్షేపంగా ఉన్నా మనకు వినపడదు. పాత పెట్టెలైతే విప్పి, లోపలి ఐడీఈ లేదా సాటా డిస్క్‌ను తీసి వేరే దుబాసీకి అప్పగించొచ్చు. కాని కొన్ని మోడళ్లలో దుబాసీ అక్షరం అక్షరాన్నీ రహస్య లిపిలోకి మార్చి రాస్తాడు, మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. మరికొన్నింట్లో యూఎస్‌బీ సాకెట్‌ను నేరుగా డిస్క్ బోర్డు మీదే అతికించేశారు, విప్పితే లోపల వేరే సాకెట్ ఉండదు. తెలియనివాడికి యూఎస్‌బీ ఇచ్చే సుఖం నిజమైనదే. తెలిసినవాడికి స్కజీ ఇచ్చే భరోసా కూడా అంతే నిజం. పాత డిస్క్ ముందు కూర్చున్న రాత్రి మాత్రం, నాకు ఏమీ అడగని మర్యాద కంటే అన్నీ అడిగే చాదస్తమే పనికొచ్చింది.

ఇప్పుడు పెంటియమ్ 4 లేనివాళ్లకూ దారులున్నాయి. బ్లూస్కజీ, జులుస్కజీ అనే చేతివెడల్పు బోర్డులు వస్తున్నాయి. ఎస్‌డీ కార్డును పెట్టుకుని పాత మెకింతోష్‌ల ముందు స్కజీ డిస్క్ వేషం కట్టడం వాటి అసలు వృత్తి. వేషం మార్చి కంప్యూటర్ పాత్ర కూడా వేయగలవు. అప్పుడు పాత డిస్క్‌ను వాటికి తగిలిస్తే మొత్తం చదివి ఎస్‌డీ కార్డు మీద ఇమేజ్‌గా రాసిపెడతాయి. తాత చెప్పింది మనవడి కార్డు మీదికి ఎక్కడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలీదు.

రెండు డిస్క్‌లూ పలికాక నేననుకున్నది, ఇక పనైపోయిందని. అక్కడే ఇద్దరి దారులూ కలిశాయి, ఇద్దరికీ ఒకే చోట కాలు జారింది. పెద్ద డిస్క్‌లో ఫైళ్ల లెక్క రాసి ఉన్నది మెకింతోష్ వారి పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ఖాతాలో. ఆ ఖాతాలో రాయడాన్ని ఆపిల్ 2009లోనే ఆపింది, 2019లో కాటలీనా అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌తో చదవడమూ మానేసింది. లైనక్స్ మాత్రం ఇంకా చదువుతుంది. తెరిచాను. పేజీమేకర్ ఫైళ్లు కనబడ్డాయి, తెలుగు ఫాంట్లూ కనబడ్డాయి. ఫాంట్లను ఆత్రంగా పెన్‌డ్రైవ్ మీదికి కాపీ చేసి చూస్తే ఒక్కొక్కటీ 0 బైట్లు. పాత మెకింతోష్ ఫైలుకు రెండు అరలుంటాయి. ఫాంటు సరుకంతా రిసోర్స్ ఫోర్క్ అనే రెండో అరలో ఉంటుంది. పెన్‌డ్రైవ్ మీది ఫ్యాట్ పద్ధతికి ఒక్క అరే తెలుసు. అది ఖాళీ అరను భద్రంగా మోసుకొచ్చి, సరుకున్న అరను వదిలేసింది. మొత్తం డిస్క్‌ను ముందే ఇమేజ్‌గా దించి ఉండబట్టి సరిపోయింది. ఆ ఇమేజ్‌ను బాసిలిస్క్ అనే ఎమ్యులేటర్‌లో పాత మెకింతోష్‌కు తగిలిస్తే, ఫాంట్లు తమ రెండో అరతో సహా లేచి కూర్చున్నాయి.

చిన్న డిస్క్‌లోది మనందరికీ తెలిసిన ఫ్యాట్32, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. కాని ఫైలు తెరిస్తే తెలుగు లేదు. గుర్తుపట్టలేని ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన టోపీలు, చుక్కలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ కొట్లు ఆ తరవాత ఎన్నో ఏళ్లు తమ ఫాంట్ల సొంత లెక్కలతోనే నడిచాయి. ‘క’ తలకట్టు ఒక ఇంగ్లీషు అక్షరం గదిలో, దాని కొమ్ము ఇంకో గదిలో. ఆ ఫాంటు లేకపోతే పుస్తకం కాగితాల కట్టే. అక్కడ ఫాంట్లు 0 బైట్లు, ఇక్కడ ఫాంట్లు అసలే లేవు. స్కజీ గొప్పదా, యూఎస్‌బీ గొప్పదా అన్న వాదన ఆ గడప దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే ఇద్దరూ తమ పని తప్పులేకుండా చేశారు. బ్లాకులు అడిగాం, బ్లాకులు ఇచ్చారు. ఆ బ్లాకుల్లో ఏముందో తెలుసుకోవడం వాళ్ల భాషలో లేదు.

మిత్రుడికి రెండు ఇమేజ్‌లనూ ఒక కొత్త డిస్క్ మీద పెట్టి ఇచ్చాను. పాత పెట్టెలను ఏం చేయమంటావని అడిగాడు. ఉంచమన్నాను. మీ ఇంట్లోనూ, మీ ప్రెస్సులోనూ అటక మీద ఇలాంటి పెద్ద పెట్టె ఉంటే, దాని వెనక సాకెట్‌కు బిగించి అగ్గిపెట్టెంత ముక్క ఒకటి కనబడొచ్చు. కేబుల్ లేదు, దీపం లేదు, దేనికో తెలీదు కదా అని దాన్ని ఊడదీసి చెత్తలో వేయకండి. అదే టెర్మినేటర్.